సియోల్ పాత బస్తీలో కొరియన్ భోజనం: ఎవరితో వెళ్తే ఎక్కడ కూర్చోవాలి

అమ్మ సియోల్ వచ్చిన మూడో రోజు. గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజభవనం అంతా తిరిగి, ఒంటిగంటకి నకనకలాడే ఆకలితో బయటకి వచ్చాం. ఫోన్‌లో ఎక్కువ స్టార్లున్న హోటల్ చూసి లోపలికి తీసుకెళ్లాను. మాంసం ఉండదు కదా అని రెండుసార్లు అడిగి మరీ కూరగాయల సూప్ చెప్పాను. అమ్మ ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా మెల్లగా గిన్నె పక్కన పెట్టేసింది. "నెత్తళ్ల వాసన వస్తోందిరా" అంది. కొరియా వంటింట్లో చాలా సూపులకి మొదటి అడుగు ఎండు నెత్తళ్లు వేసి నీళ్లు మరగబెట్టడమే. వాళ్ల లెక్కలో అది మాంసం కిందకి రాదు. వడ్డించినావిడ తప్పేమీ లేదు, ఎలా అడగాలో నాకే తెలియలేదు. అమ్మ ఆ పూట వట్టి అన్నం, వేయించిన సముద్రపు నాచు తిని లేచింది.

అప్పటి నుంచి ఊరి నుంచి ఎవరు వచ్చినా ముందు అడిగేది ఒకటే: ఏం తింటారు, ఏం తినరు. రాజభవనాల చుట్టూ ఉన్న ఈ పాత బస్తీలో మంచి భోజనానికి కొదవ లేదు. కానీ "అన్నిటికంటే మంచిది ఏది" అని వెతికితే నాలాగే దెబ్బతింటారు. పక్కన ఎవరున్నారో చూసుకుని ఎంచుకుంటే ఆ పూట బాగుంటుంది.

ముందు ఊరు ఎలా ఉంటుందో చెప్తాను. గ్యోంగ్‌బొక్‌గుంగ్ కట్టింది 1395లో. దానికీ తూర్పున ఉన్న చాంగ్‌దొక్‌గుంగ్‌కీ మధ్య కొండవాలులో ఉన్నది బుక్‌చోన్. ఒకప్పుడు పెద్ద అధికారుల కుటుంబాలు ఉన్న చోటు, హనోక్ అనే పెంకుటిళ్ల వీధులు ఇప్పటికీ ఉన్నాయి. రాజభవనానికి పడమటి వైపు సోచోన్, వైద్యులు, దుబాసీల లాంటి మధ్యతరగతి వాళ్లు బతికిన పేట. బుక్‌చోన్‌కి దిగువన ఇన్సాడోంగ్, దాని పక్కన ఇక్సొన్‌డోంగ్. ఇంకాస్త తూర్పుగా గ్వాంగ్‌జాంగ్ మార్కెట్. అన్నీ జోంగ్నో అనే ఒకే జిల్లాలో ఉన్నాయి. కాళ్లలో ఓపికుంటే నడిచే తిరగొచ్చు, లేకపోతే ఒకటి రెండు మెట్రో స్టేషన్ల దూరం. నడవడానికి గూగుల్ మ్యాప్స్ ఇక్కడ సరిగా దారి చూపించదు. నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ ముందే ఫోన్‌లో వేసుకోండి.

శాకాహారులు ఉంటే ఇంకో ఆలోచన వద్దు

అమ్మానాన్నలో, అత్తగారో, శనివారాలు పాటించే బాబాయిగారో వెంట ఉంటే నేరుగా గుడి భోజనానికి వెళ్లండి. ఇన్సాడోంగ్ అంచున జోగ్యేసా అనే బౌద్ధాలయం ఉంది. కొరియా బౌద్ధంలో అతి పెద్ద శాఖ అయిన జోగ్యే సంప్రదాయానికి అదే ప్రధాన కేంద్రం. దానికి ఎదురుగా, టెంపుల్‌స్టే (గుళ్లో బస) సమాచార కేంద్రం ఉన్న భవనంలో పై అంతస్తులో బాల్వు గోంగ్యాంగ్ అనే భోజనశాల ఉంది. నడిపేది ఆ సంప్రదాయం వాళ్లే. మంచి హోటళ్లకి ఇచ్చే మిషెలిన్ స్టార్ కూడా కొన్నేళ్లు వచ్చింది. నేను పంపేది మాత్రం స్టార్ చూసి కాదు, ఇక్కడ అమ్మ ప్లేటు ఖాళీ చేసింది కాబట్టి.

ఈ వంటలో మాంసం, చేప ఉండవు. వాటితో పాటు ఘాటు పదార్థాలు ఐదు నిషేధం: వెల్లుల్లి, ఉల్లి జాతివి మూడు, ఐదోది ఇంగువ. కొరియాలో ఇంగువ పండదు, వాళ్ల వంటలో దానికి చోటే లేదు. అయినా బౌద్ధంతో పాటు భారతదేశం నుంచి వచ్చిన పాత నియమంలో దాని పేరు అలాగే నిలిచిపోయింది. ఈ సంగతి చెప్పగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఏకాదశికి మనం ఉల్లి, వెల్లుల్లి మానేస్తాం, వీళ్లు ఇంగువ కూడానా" అని చాలాసేపు దాని గురించే మాట్లాడింది.

రుచి ఎలా ఉంటుందో దాచకుండా చెప్తాను. కారం తక్కువ, నూనె తక్కువ. తామర దుంప, పుట్టగొడుగులు, టోఫు, కొండల్లో దొరికే ఆకుకూరలు ఒకదాని వెనక ఒకటి చిన్న చిన్న గిన్నెల్లో వస్తాయి. మొదటి రెండు గిన్నెలు మన నాలుకకి చప్పగా అనిపిస్తాయి. మూడో దాని దగ్గర నుంచి తేడాలు తెలుస్తాయి. తామర దుంప ముక్కని సోయా సాస్, తియ్యటి పాకంలో మగ్గబెట్టిన కూర ఒకటి తిన్నాం. కొరికితే పైన జిగురుగా, లోపల ఇంకా కరకరలాడుతూ ఉంది. గుళ్లో చేసే కిమ్చీలో (ఊరబెట్టిన కూరగాయల పచ్చడిలో) ఊరబెట్టిన చేపల రసం కలపరు, అందుకే మామూలు కిమ్చీ తినలేని శాకాహారులు ఇక్కడ ధైర్యంగా తినొచ్చు. ఈ గుడి వంటని కొరియా ప్రభుత్వం 2025లో జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ధర తక్కువేం కాదు, మనిషికి 30,000 వోన్ పైనే ఉంటుంది. వెయ్యి వోన్ అంటే దాదాపు 60 రూపాయలు అనుకోండి. ముందుగా బుక్ చేసుకునే వెళ్లాలి. పక్కా భోజనప్రియులైన కుర్రాళ్లకి ఇది ఆనదు, వాళ్లని ఇక్కడికి తీసుకెళ్లొద్దు. మాంసం గురించి బెంగ లేకుండా తినాలనుకునే మన ముస్లిం స్నేహితులకి కూడా ఈ బస్తీలో నేను మొదట చెప్పేది ఇదే.

ఇంటి తిండి మీద మనసు పోతే గ్వాంగ్‌జాంగ్

ఒకసారి నాన్న నాలుగు రోజులు బ్రెడ్డు, అరటిపండ్లతో నెట్టుకొచ్చి, ఐదో రోజు పొద్దున్నే "ఏదైనా టిఫిన్ దొరుకుతుందా" అన్నారు. గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కి తీసుకెళ్లాను. 1905 నుంచి ఉన్న మార్కెట్ ఇది. ఒక పక్క బట్టల దుకాణాలు, మధ్య నడవాల్లో వరసగా తిండి బళ్లు. నాన్న ఒక బండి దగ్గర ఆగిపోయారు. మోటారుతో తిరిగే తిరగలిలో నానబెట్టిన పప్పు పోస్తున్నారు, పక్క నుంచి చిక్కటి పిండి జారి గిన్నెలో పడుతోంది. "ఇవి పెసలు కాదూ!" అన్నారు.

పెసలే. నోక్‌దు అంటే కొరియన్ భాషలో పెసలు, ఆ అట్టు పేరు బిందేత్తొక్. పొట్టు తీసిన పెసరపప్పు కాబట్టి మన పెసరట్టులా పచ్చగా ఉండదు, లేత పసుపు రంగులో ఉంటుంది. పిండిలో మొలకలు, కిమ్చి ముక్కలు కలిపి, అర అంగుళం పైన మందంతో, పెనం మీద నూనె మడుగులో వేయిస్తారు. అంచులు చిట్లి బంగారు రంగుకి తిరిగాక తీసి, కత్తెరతో ముక్కలు చేసి, ఉల్లిపాయలు నానిన సోయా సాస్‌తో ఇస్తారు. అంచు ముక్క ముందు తినండి, గారె పైపొరలా కరకరలాడుతుంది. మధ్య ముక్క మెత్తగా, పప్పు రుచితో ఉంటుంది. అల్లం పచ్చడి ఉంటే బాగుండేదని నాన్న అన్నారు గానీ రెండోది కూడా అడిగి తిన్నారు. ఒక్కోటి 5,000 వోన్ ప్రాంతంలో ఉంటుంది, ఇద్దరికి ఒకటి చాలు.

పట్టింపు గట్టిగా ఉన్న శాకాహారులకి మాత్రం నేను గ్వాంగ్‌జాంగ్ చెప్పను. పిండిలో కలిపే కిమ్చీలో ఊరబెట్టిన రొయ్యలో చేపలో ఉంటాయి, కొన్ని బళ్ల దగ్గర పంది మాంసం కలిపిన అట్టూ అదే పెనం మీద వేస్తారు. గుడ్డు తిని, చేప వాసనకి ఇబ్బంది పడనివాళ్లకైతే ఇంతకంటే సరదా అయిన చోటు ఈ బస్తీలో లేదు. సముద్రపు నాచులో అన్నం పెట్టి వేలెడంత చుట్టలుగా చేసే గింబాప్‌ని ఆవ ఘాటున్న సాస్‌లో ముంచి తినడం పిల్లలకి బాగా నచ్చుతుంది. చేత్తో కోసిన గోధుమ నూడుల్స్ సూప్, కల్‌గుక్సు, చలికాలంలో ఒంటికి హాయిగా ఉంటుంది. పచ్చి గొడ్డుమాంసం సన్నగా తరిగి పచ్చసొనతో ఇచ్చే యుఖ్వేకి ఇక్కడ ఒక సందే ఉంది. తినేవాళ్లకి అది పెద్ద ఆకర్షణ, చూడలేనివాళ్లు ఆ సందు తప్పించుకుని వెళ్లండి.

కూర్చునే ముందు ధర, ప్లేటులో ఎంత వస్తుందో అడగండి. వచ్చాక గొడవపడే కన్నా అది నయం. కొంచెం నగదు జేబులో ఉంచుకోండి. శనివారం సాయంత్రం వెళ్తే భుజాలు రాసుకుంటూ నిలబడాలి. మామూలు రోజు పొద్దున పదకొండు లోపు వెళ్తే అట్లు వేసే ఆవిడ చేతి వేగం నిదానంగా చూడొచ్చు.

కోడి తినేవాళ్లకి, పిల్లలున్నవాళ్లకి సోచోన్

గ్యోంగ్‌బొక్‌గుంగ్ స్టేషన్ రెండో గేటు బయట కొద్ది దూరంలోనే తోసొక్‌చోన్ ఉంది. సమ్‌గ్యేతాంగ్‌కి సియోల్ మొత్తంలో పేరున్న చోటు. లేత కోడి కడుపులో జిగురు బియ్యం, జిన్‌సెంగ్ వేరు, ఖర్జూరంలా ఉండే జుజుబే పండు, వెల్లుల్లి కుక్కి, మట్టికుండలో ఉడికించి, కుతకుతలాడుతూ ఉండగానే బల్ల మీద పెడతారు. మన రేగిపళ్లకి ఈ జుజుబే దగ్గరి చుట్టం. మాజీ అధ్యక్షుడు రో మూ హ్యోన్‌కి ఇష్టమైన హోటల్‌గా దీనికి పేరు. బయట క్యూ చూసి భయపడొద్దు. లోపల పాత హనోక్ ఇళ్లు కలిపేసి గది వెనక గదిగా విశాలంగా ఉంటుంది, వరస త్వరగానే కదులుతుంది.

కొరియన్లు దీన్ని ఎండలు మండిపోయే రోజుల్లో తింటారు. పాత పంచాంగం దగ్గర పెట్టుకుని చోబోక్, జుంగ్‌బోక్, మల్‌బోక్ అని వేసవిలో మూడు రోజులు లెక్కపెడతారు, ఆ రోజుల్లో ఇక్కడ వరస వీధి దాకా వస్తుంది. వేడిని వేడితోనే తీయాలని వాళ్ల నమ్మకం. మీరు మాత్రం ఆ మూడు రోజులూ తప్పించి, చల్లటి రోజు వెళ్లండి. ధర 20,000 వోన్ దగ్గర. కారం అసలు ఉండదు, ఉప్పు పక్కన పెడతారు, ముక్క అందులో అద్దుకుని తినాలి. మా బావగారు మొదట "ఇదేంటి, పత్యం కూడులా ఉంది" అన్నారు. చివర్లో కోడి కడుపులోని అన్నం ఆ చిక్కటి నీళ్లలో కలుపుకుని తిన్నాక, జ్వరం వచ్చిన రోజు వాళ్లమ్మ పెట్టిన అన్నం గుర్తొచ్చిందని చెప్పారు. కోడితో పాటు చిన్న గ్లాసులో జిన్‌సెంగ్ మద్యం కూడా పెడతారు, తాగనివాళ్లు నీళ్లనుకుని ఎత్తేయకండి.

అదే పేటలో ఇంకొంచెం లోపలికి వెళ్తే తొంగిన్ మార్కెట్. చిన్నది, ఒక్కటే పొడవాటి నడవా. ఇక్కడ 5,000 వోన్ ఇస్తే పాతకాలపు నాణేల్లాంటి, మధ్యలో చతురస్రపు కన్నం ఉన్న ఇత్తడి బిళ్లలు పది ఇస్తారు, ఒక ఖాళీ డబ్బా కూడా. ఆ డబ్బా పట్టుకుని దుకాణం దుకాణానికీ తిరుగుతూ ఒక బిళ్లకో రెండు బిళ్లలకో ఒక్కో కూర వేయించుకుని, మేడ మీద కూర్చుని తినొచ్చు. ఎనిమిదేళ్ల మా మేనకోడలు బిళ్లలు లెక్కపెట్టుకుంటూ నాకంటే పొదుపుగా బేరం చేసింది. ఈ ఏర్పాటు మధ్యాహ్నం పూటే ఉంటుంది, సెలవు రోజులూ ఉంటాయి, ఆ వారం ఎలా ఉందో చూసుకుని వెళ్లండి. రుచిలో గ్వాంగ్‌జాంగ్ దీనికంటే మిన్న. కానీ పిల్లలు తప్పిపోతారన్న టెన్షన్ లేకుండా తినాలంటే తొంగిన్ మేలు. నూనెలో దోరగా వేయించిన బియ్యపు ముద్దలు, గిరుం తొక్‌పొక్కి, ఇక్కడి ప్రత్యేకం, అవి మాత్రం వదలకండి.

బుక్‌చోన్: కడుపు నిండా కాదు, నడక మధ్యలో

బుక్‌చోన్‌కి అందరూ వెళ్తారు, పెంకుటిళ్ల వీధి ఫొటోల కోసం. భోజనానికి మాత్రం పక్కనే ఉన్న సమ్‌చొంగ్‌డోంగ్ వీధి మేలు. సమ్‌చొంగ్‌డోంగ్ సుజెబి అనే హోటల్ 1982 నుంచి ఉంది. గోధుమ పిండి ముద్దని చేత్తో పలచగా లాగి, తుంచి మరిగే సూప్‌లో వేస్తారు, చిన్న మట్టికుండలో తెస్తారు. సూప్ నెత్తళ్లదే, అమ్మతో అయితే వెళ్లను. చలికాలంలో ఒక్కణ్ణే ఉంటే మాత్రం నా కాళ్లు అటే పోతాయి.

అదే వీధిలో 1976 నుంచి నడుస్తున్న చిన్న కొట్టు ఒకటుంది. దాని పేరుకి అర్థం "సియోల్‌లో రెండో స్థానంలో బాగా చేసే ఇల్లు". తియ్యటి ఎర్ర బీన్స్ జావ, తన్‌పత్‌జుక్, ఇక్కడ తినాలి. పూర్ణాన్ని జారుగా కలిపి, దాల్చినచెక్క పొడి చల్లి, మధ్యలో ఒక బియ్యపు ముద్ద, చెస్ట్‌నట్ పెట్టినట్టు ఉంటుంది. గిన్నె చిన్నదే, ఇద్దరు పంచుకోవచ్చు. మా ఇంటికి వచ్చినవాళ్లలో ఇది నచ్చనివాళ్లని ఇంతవరకు చూడలేదు.

ఒక్క మాట. బుక్‌చోన్ ఇళ్లలో మనుషులు ఉంటున్నారు. గోల పెరిగిపోయిందని, కొన్ని వీధుల్లోకి పర్యాటకులు పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకే వెళ్లాలని నియమం పెట్టారు. 2025 మార్చి నుంచి దాటితే లక్ష వోన్ జరిమానా. రాత్రి భోంచేసి అటు షికారు వెళ్దామనుకోవద్దు.

ఇన్సాడోంగ్ పెద్ద భోజనం, ఎప్పుడు దండగ, ఎప్పుడు కాదు

హన్‌జోంగ్‌సిక్ అంటే కొరియా విందు భోజనం. ఇన్సాడోంగ్ సందుల్లో చాలా పాత ఇళ్లలో దొరుకుతుంది. బల్ల కనపడనంత గిన్నెలు వస్తాయి. మన విస్తరిలో పప్పు, కూర, పులుసు, పెరుగు అని వరస ఉంటుంది. వీళ్ల పద్ధతిలో అన్నం, సూప్, కూరలు అన్నీ ఒకేసారి బల్ల మీద ఉంటాయి, ఇష్టం వచ్చింది ఇష్టం వచ్చినప్పుడు. పూర్వం కూరల సంఖ్య మనిషి హోదాని బట్టి ఉండేది: మూడు, ఐదు, ఏడు, తొమ్మిది. పన్నెండు రాజుకి మాత్రమే. ఇప్పుడు చాలా చోట్ల కోర్సులుగా తెస్తున్నారు.

నలుగురైదుగురు, అన్నీ తినేవాళ్లు, తొందర లేని సాయంత్రం అయితేనే దీనికి వెళ్లండి. చాలా చోట్ల కనీసం ఇద్దరుండాలి, ఒక్కరికి వడ్డించరు. గుంపులో సగం మంది శాకాహారులైతే డబ్బు దండగ. గిన్నెల్లో సగం చేపో మాంసమో ఉంటాయి, వాళ్లు నాలుగు ఆకుకూరలతో సరిపెట్టుకోవాలి. అదే డబ్బుతో గుడి భోజనం వస్తుంది.

గొడ్డుమాంసం తినేవాళ్లకి ఇంకో దారి ఉంది. ఇన్సాడోంగ్‌కి దగ్గర్లోనే ఉన్న ఇమున్ సొల్లొంగ్‌తాంగ్, ఈ నగరంలో అతి పాత హోటల్‌గా చెప్పుకునేది, నూరేళ్లు దాటింది. ఎముకలు గంటల తరబడి మరగబెట్టిన తెల్లటి సూప్, అందులోనే అన్నం. ఉప్పు, ఉల్లికాడలు మనమే కలుపుకోవాలి. పావుగంటలో తిని లేవొచ్చు, ఒక్కరే వెళ్లినా ఎవరూ వింతగా చూడరు.

ఏది తిన్నా ఇన్సాడోంగ్‌లో ఒక టీ ఇంట్లో కూర్చోకుండా రావద్దు. ఓమిజా టీ అడగండి. ఓమిజా అంటే ఐదు రుచుల పండు అని అర్థం: పులుపు, తీపి, చేదు, ఉప్పు, కారం. గులాబీ రంగులో, వేసవిలో చల్లగా ఇస్తారు. వగరు ఒక్కటీ ఉంటే ఉగాది పచ్చడే.

ఇక్సొన్‌డోంగ్‌లో హనోక్‌లు 1920, 30ల నాటివి, సందులు అందంగా ఉంటాయి. లోపల దొరికేది ఎక్కువగా కేకులు, పాస్తాలు. సంప్రదాయ భోజనం కోసమైతే అక్కడికి వెళ్లక్కర్లేదు.

నోటికి రావాల్సిన మాటలు

"గోగి ప్పే జుసెయో" అంటే మాంసం తీసేయండి. ఇది ఒక్కటే సరిపోదని మొదటే చెప్పాను. "మ్యొల్చి" అంటే నెత్తళ్లు, "సేవు" రొయ్యలు, "సోగోగి" గొడ్డుమాంసం, "త్వేజిగోగి" పంది మాంసం, "గ్యేరాన్" గుడ్డు. తినని వాటి పేర్లు కొరియన్ లిపిలో ఫోన్‌లో రాయించుకుని చూపిస్తే ఇంకా మంచిది. కూరలు పైన పేర్చి ఇచ్చే కలుపుడు అన్నం, బిబింబాప్, శాకాహారం అనుకుంటాం గానీ చాలా చోట్ల పైన కొంచెం గొడ్డుమాంసం చల్లుతారు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. రాతి గిన్నెలో వచ్చే రకం తీసుకుంటే, కలిపాక రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున పట్టే మాడు కోసం మా ఇంట్లో పోటీ పడతారు.

పక్కన పెట్టే కూరలు, బాంచాన్, అయిపోతే మళ్లీ అడగొచ్చు, డబ్బు తీసుకోరు. టిప్పు ఇవ్వక్కర్లేదు. అన్నం చెంచాతో తినాలి, గిన్నె చేత్తో ఎత్తకూడదు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలబెట్టకూడదు, చనిపోయినవాళ్లకి పెట్టేటప్పుడు అలా చేస్తారు. పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే మిగతావాళ్లు మొదలుపెట్టాలి. ఈ ఒక్కటీ నాన్నకి బాగా నచ్చింది.

చాలా హోటళ్లు మూడు నుంచి ఐదు దాకా వంటింటికి విరామం ఇస్తాయి. రాజభవనంలో ఆలస్యమై మూడున్నరకి బయటపడితే సగం తలుపులు మూసి ఉంటాయి. అలాంటప్పుడు బుక్‌చోన్ పక్కనున్న అంగుక్ స్టేషన్ దగ్గర నిలబడి వెతుక్కోకండి. జోంగ్నో 5-గా స్టేషన్ వైపు వెళ్లిపోండి, గ్వాంగ్‌జాంగ్‌లో పెనం ఆ వేళకి కూడా వేడిగానే ఉంటుంది.